సత్యవతి గారి కంప్యూటర్ అడ్రస్

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోయే రకం నేను. రావులపాలెంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి నెట్‌వర్క్ పని చూస్తాను. మొత్తం బిల్డింగ్‌కి నేనొక్కడినే. భయపడేంత తీరిక కూడా ఉండదు.

మా స్విచ్, అంటే కంప్యూటర్లన్నిటినీ కలిపే పెట్టె, తనకు తగిలించిన ప్రతి యంత్రం అడ్రస్‌నూ గుర్తుపెట్టుకుంటుంది. ఆ యంత్రం కాసేపు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే మరిచిపోతుంది. ఎంతసేపు గుర్తుంచుకోవాలో నేనే పెడతాను.

హెడ్ నర్సు సత్యవతి గారు గుండెపోటుతో పోయిన కొన్నాళ్ళకే, ఆవిడ వాడిన కంప్యూటర్ పిడుగు పడి కాలిపోయింది. మాడిన బోర్డు నేనే విప్పి స్టోర్‌రూమ్‌లో పడేశాను. అయినా దాని అడ్రస్ స్విచ్‌లో కనబడుతూనే ఉంది. తుడిచేస్తే మళ్ళీ వచ్చింది. గుర్తుంచుకునే సమయం బాగా తగ్గించాను. పోలేదు. చివరికి స్విచ్చే మార్చాను. కొత్తదాంట్లోనూ వచ్చింది. ఇంకెవరైనా అదే అడ్రస్ వాడుతున్నారేమోనని వెతికి వెతికి, విసుగొచ్చి వదిలేశాను.

ఒక మధ్యాహ్నం, అన్నానికి లేవబోతుంటే ఆ అడ్రస్ చోటు మారింది. పై వార్డులో చివరి మంచం దగ్గరి నెట్‌వర్క్ సాకెట్ మీద చూపిస్తోంది. అక్కడ ఉండాల్సిన పేషెంట్ మానిటర్ అడ్రస్ మాత్రం లేదు. లిఫ్టు పాడైంది. తిట్టుకుంటూ మెట్లెక్కాను.

మంచం మీద అంతర్వేది వైపు నుంచి వచ్చిన పెద్దాయన, సముద్రంలో చేపల వేటకెళ్ళే మనిషి. ఆక్సిజన్ గొట్టం ఊడిపోయింది. పెదాలు నీలంగా ఉన్నాయి. మానిటర్ సౌండు ఎవరో తగ్గించేశారు. దాని నెట్‌వర్క్ కేబుల్ ఊడి నేలమీద పడి ఉంది. అందుకే నర్సుల బల్ల దగ్గర అలారం మోగలేదు. సాకెట్‌కి ఏమీ తగిలించి లేదు.

"దుర్గ గారూ, తొందరగా రండి!" అని అరిచాను.

నర్సు దుర్గ గారు పరుగున వచ్చి గొట్టం సరిచేశారు. మెల్లగా ఆయన మొహంలోకి రంగు వచ్చింది. మందులకు కిందికెళ్ళిన భార్య తిరిగొచ్చి, సంగతి విని, గోడకి చేరగిలబడి ఏడ్చింది.

"మీకెలా తెలిసిందండి?" అన్నారు దుర్గ గారు.

చెప్పాను. "సత్యవతమ్మ గారు రోజూ ఆ చివరి మంచం దగ్గర్నుంచే రౌండు మొదలెట్టేవారండి" అన్నారావిడ.

కిందికొచ్చి చూస్తే ఆ అడ్రస్ లేదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. తోటి ఇంజనీర్లను అడిగితే ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. ఏదీ అతకలేదు.

దయ్యమని నేననను. అలసటలో ఏదో పొరబాటుగా చూశానని సరిపెట్టుకుందామంటే, ఆ పెద్దాయన తన కాళ్ళమీద నడిచి ఇంటికెళ్ళారు కదా.