మీ ఇల్లు, ఎనిమిదో నంబరు

దోన్యా ఒబ్దూలియాకి, అంటే ఒబ్దూలియా అమ్మగారికి, అసహ్యం పుట్టనిది ఈ లోకంలో ఏదన్నా ఉందా అంటే వెతుక్కోవాల్సిందే. బస్సులో నలుగురూ పట్టుకునే కమ్మీ అసహ్యం. పక్కింటి కుక్క అసహ్యం. ఇంకొకరి దువ్వెన, ఇంకొకరు తాగిన గ్లాసు, తుడిచిన నేల మీద తడి అడుగు, అన్నీ అసహ్యమే. మెక్సికోలోని మా షికో ఊళ్లో మోలె ముద్ద, అదే కూరలో కలిపే మిరపకాయల మసాలా, నూరి అమ్మేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు గానీ ఆవిడ ముద్దకున్న పేరు ఇంకెవరి ముద్దకీ లేదు. ఎండుమిరపకాయల్ని ఒక్కోటీ తడిగుడ్డతో తుడిచి, తొడిమ తీసి, గింజ దులిపి, అప్పుడు వేయించేది. నువ్వుల్లో ఒక్క మట్టిబెడ్డ కనిపించిందా, మూట మూటంతా పెరట్లో కోళ్లపాలు. మొగుడు బతికున్న రోజుల్లో కాఫీ మిల్లునుంచి ఒంటినిండా పొట్టుతో వస్తే, తొట్టి దగ్గర నిలబెట్టి నెత్తిన నాలుగు చెంబులు గుమ్మరించిగానీ గడప దాటనిచ్చేది కాదు. "నన్ను కట్టుకున్నావా, కడుక్కోవడానికి తెచ్చుకున్నావా?" అనేవాడు పాపం, ఆ మహానుభావుడు.

ఇంత అసహ్యం ఉన్నా బయటివాళ్ల ముందు మాత్రం పల్లెత్తు మాట అనదు. అది మా ఊరి పద్ధతి. ఛీ అనాలంటే సొంతవాళ్లని అనాలి. పరాయివాళ్లు ముక్కు చీదిన చేత్తో చెయ్యి కలిపినా నవ్వాలి, "మిమ్మల్ని చూడ్డం సంతోషం" అనాలి, ఇంటికెళ్లి మోచేతి దాకా సబ్బు పెట్టి రుద్దుకోవాలి. ఇంకో పద్ధతుంది. మీ ఇల్లెక్కడ అని ఎవరన్నా అడిగితే, నా ఇల్లు ఫలానా చోట అనకూడదు. అంటే ఎంత పొగరు అనుకుంటారు. "మీ ఇల్లు బ్రావో వీధిలో, ఎనిమిదో నంబరు" అనాలి. అదే మర్యాద. అవతలివాళ్లు "అయ్యో, థాంక్సండీ" అంటారు. అక్కడితో ఆ మాట అయిపోతుంది. ఒబ్దూలియా తన యాభై మూడేళ్లలో ఆ మాట కొన్ని వేలసార్లు అని ఉంటుంది. దాన్ని పట్టుకుని గుమ్మంలో దిగినవాళ్లు ఒక్కరంటే ఒక్కరు లేరు.

ఆఖరికి ఒకత్తె దిగింది. పేరు సున్నీవా. నార్వే దేశం పిల్ల, ఇరవై రెండేళ్లు, వీపున తనంత మూట. మూడు నెలలుగా ఒంటరిగా మెక్సికో అంతా తిరుగుతోంది. ఆదివారం హలాపా నుంచి వచ్చే బస్సులో ఒబ్దూలియా పక్కన కూర్చుంది. కూర్చోగానే చెప్పులు విప్పేసి, ఎర్రమట్టి పట్టిన పాదాలు రెండూ ముందు సీటు వీపుకి తన్నిపెట్టింది. ఒబ్దూలియా కిటికీ వైపు మొహం తిప్పుకుంది. కానీ పిల్ల ఆకలిగా ఉన్నట్టుంది, ఒబ్దూలియా ఒళ్లోని ఉడికించిన మొక్కజొన్న పిండి తమాల్ వంక చూస్తోంది. ఆవిడ సగం తుంచి పెట్టింది. ఆ పిల్ల అడిగింది, "మీరు ఎక్కడ ఉంటారు?" అని, బడిలో నేర్చుకున్న స్పానిష్‌లో, ఒక్కో మాటా విడదీసి. ఒబ్దూలియా నోటికి అలవాటైన మాటే వచ్చింది. "మీ ఇల్లు బ్రావో వీధిలో, ఎనిమిదో నంబరు. ఎప్పుడైనా రండి."

మంగళవారం పొద్దున్నే తలుపు చప్పుడైంది.

"వచ్చాను, దోన్యా!" అంటూ పళ్లన్నీ చూపించి నవ్వింది సున్నీవా. చెంగున లోపలికొచ్చి, ఏ గది అని అడిగి, ఒబ్దూలియా చెయ్యి ఏ వైపు కదిలిందో ఆ గదిలోకే నడిచింది. మూడు నెలలు బస్సుల కిందా, సత్రాల నేల మీదా, పడవల్లో చేపల పక్కనా దొర్లిన ఆ మూటని, ఒబ్దూలియా ఏడాదిపాటు తన చేత్తో అల్లిన తెల్ల దుప్పటి మీద ధబ్బున పడేసింది. దాని అడుగు నల్లగా, జిడ్డుగా ఉంది. ఒబ్దూలియా నోటిదాకా వచ్చిన ఛీని మింగేసింది.

"మీ ఇల్లే కదా," అంది. ఇంకేమంటుంది?

ఆ గది కూతురు యాదీరాది. నాలుగేళ్ల క్రితం పద్దెనిమిదేళ్ల యాదీరా, వెరక్రూస్ రేవులో టైర్లు మార్చే ఒకడితో వెళ్లిపోతానని మూట సర్దుకుంటే, ఒబ్దూలియా గుమ్మానికి అడ్డం నిలబడింది. "వాడి గోళ్లలో మురికి చూశావా? ఛీ! వెళ్లు, వెళ్లి ఆ కంపులోనే ఉండు. ఇంక ఇది నీ ఇల్లు కాదు, గుర్తుపెట్టుకో!" అంది. కూతురు గుర్తుపెట్టుకుంది. నాలుగేళ్లు గడప తొక్కలేదు. గది మాత్రం ఒబ్దూలియా వారం వారం కడుగుతూనే ఉంది, ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

బుధవారం ఫోను మోగింది.

"అమ్మా," అంది అవతలి గొంతు. "బాబు పుట్టాడు. పదకొండు రోజులైంది. ఆయన ఓడ పని మీద వెళ్లాడు. చేసేవాళ్లు ఎవరూ లేరు. నలభై రోజులు... నా గది ఖాళీగానే ఉందా?"

ఒబ్దూలియా కళ్లు ఆ గది వైపు తిరిగాయి. తలుపు బార్లా తెరిచి ఉంది. సున్నీవా మంచం మీద మోకాళ్లు పైకి పెట్టుకుని కాలిగోళ్లు కత్తిరించుకుంటోంది. ఒక గోరు టిక్కున ఎగిరి ఎక్కడో పడింది.

"ఖాళీగానే ఉందే. ఎప్పుడొస్తావు?"

"శనివారం. మధ్యాహ్నం బస్సుకి."

ఇంకేం, శనివారంలోపు ఈ పిల్ల కదలాలి. గది నిలువునా కడగాలి, పరుపు ఎండలో వెయ్యాలి, పసిగుడ్డు పడుకునే చోటు మరి. వెళ్లమని నోటితో చెప్పడం మా ఊళ్లో పుట్టినవాళ్లవల్ల కాదు, అందుకని ఒబ్దూలియా తనకి తెలిసిన దారి పట్టింది. చీపురు తలకిందులు చేసి తలుపు వెనక నిలబెట్టింది. చీపురు అలా కనబడితే చుట్టం గంటలో చెప్పులు వేసుకుంటాడని షికోలో చంటిపిల్లకి కూడా తెలుసు. సున్నీవా చూసింది. "అయ్యో దోన్యా, నాకు పని చెప్పడానికి మొహమాటపడుతున్నారా?" అని ఆ చీపురే తీసుకుని పెరడంతా ఊడ్చింది. ఎలా ఊడ్చిందనుకున్నారు? నీళ్లు చల్లకుండా, గాలికి ఎదురుగా. లేచిన దుమ్మంతా చాప మీద ఆరబెట్టిన మిరపకాయల మీద వాలింది. రెండు రోజుల పని మట్టిపాలు. ఒబ్దూలియా తొట్టి పక్కన కూలబడింది.

"ఏం వదినా, ఎక్కువ శ్రమ పడుతున్నావు?" అంటూ ఎదురింటి చోలె వచ్చింది. చోలె యాదీరాకి జ్ఞానస్నానం నాడు తల్లిగా నిలబడ్డ మనిషి, ఊళ్లో అందరి సంగతీ ఆవిడకే కావాలి. "మీ ఇల్లు మీ ఇల్లు అంటూ ఊరంతా పంచిపెట్టావు. తీసుకోవడానికి ఒకత్తె వచ్చిందిలే ఇన్నాళ్లకి."

"నవ్వకే. శనివారం నీ కూతురు వస్తోంది, ముందది చెప్పు, ఏం చెయ్యను?"

చోలె నవ్వు ఆపేసి నేరుగా సున్నీవా దగ్గరికెళ్లి మాట కలిపింది. "ఏం చూస్తావమ్మా ఇక్కడ? ఒక జలపాతం, అంతేగా. ఓక్సాకా వెళ్లు, సముద్రం ఉంది, నీలాంటి పిల్లలు బోలెడుమంది ఉంటారు."

"వెళ్తానండీ, తర్వాత," అంది సున్నీవా. "అక్కడ సత్రంలో పన్నెండుమందిమి ఒకే గదిలో. ఇక్కడైతే నా ఇల్లు."

గురువారం ఇంకా ఘోరం. ఒబ్దూలియా వంటింట్లోకి వెళ్లేసరికి తన పాలగిన్నె పొయ్యి మీద ఉంది. నీలం అంచుది, ఆవిడ తల్లి ఇచ్చినది, అందులో తప్ప మొక్కజొన్న జావ కాచుకోదు. నీళ్లు తెర్లుతున్నాయి, మధ్యలో చిన్న గరాటులాంటి రబ్బరు వస్తువు ఒకటి పైకీ కిందకీ ఆడుతోంది.

"ఏంటండీ ఇది?"

"నెలసరి కప్పు, దోన్యా," అంది సున్నీవా, ఏదో పువ్వు పేరు చెప్పినట్టు. "లోపల పెట్టుకుంటాం. ఐదు నిమిషాలు మరిగిస్తే చాలా శుభ్రం. నిన్న కూడా ఇందులోనే మరిగించాను. మంచి గిన్నె."

నిన్న. అంటే ఇవాళ పొద్దున ఒబ్దూలియా తాగిన జావకి ముందు. యాక్! ఒబ్దూలియా పెరట్లోకి పరిగెత్తింది. నిమ్మచెట్టు మొదట్లో కడుపులో ఉన్నదంతా కక్కేసింది, తర్వాత లేనిది కూడా కక్కింది. సున్నీవా వెనకాలే వచ్చి వీపు రాస్తూ, "ఏం తిన్నారు దోన్యా? నీళ్లు మరిగించి తాగాలి, నాకు పుయెబ్లాలో ఇలాగే అయింది" అంటోంది. ఆ చెయ్యి వీపు మీద పాకుతుంటే ఒబ్దూలియా ఒళ్లంతా జలదరించింది. అయినా ఏమంది? "థాంక్సండీ, మీకు శ్రమ ఇచ్చాను," అంది. థూ! ఆ నిమిషాన ఒబ్దూలియాకి ఆ పిల్లకంటే తన నోరే ఎక్కువ రోత పుట్టించింది.

శుక్రవారం అద్దం ముందు నిలబడి సాధన చేసింది. "మీరు వెళ్లాలి. వె-ళ్లా-లి." అద్దంలో మనిషి బాగానే చెప్పింది. గట్టిగా ఊపిరి పీల్చుకుని గదిలోకి వెళ్లింది. సున్నీవా తన తడి లోదుస్తుల్ని గోడ మీది గ్వాదలూపె మాత పటం మేకుకి ఆరేస్తోంది. ఒబ్దూలియాకి చూపు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"చెప్పండి, దోన్యా."

"అదే... రేపు... మీకేమన్నా..." అంది. తర్వాత, దేవుడా, దానంతటదే జారిపోయింది. "తొందరేం లేదండీ. మీ ఇల్లే కదా."

శనివారం పొద్దున్నే బాలింతకి పులుసు పెట్టడానికి నాటుకోడి కోసం సంతకెళ్లింది. మనసు మనసులో లేదు. పోనీ యాదీరాని తన మంచం మీద పడుకోబెట్టి తను నేల మీద పడుకుంటుంది, ఒక్క పూటేగా అనుకుంది. కోడిని కాళ్లు కట్టించుకుని వీధి మొదట్లోకి వచ్చేసరికి చోలె ఎదురు పరిగెత్తుకొస్తోంది.

"పోయింది వదినా! వచ్చి పోయింది!"

"ఎవరే?"

"యాదీరా! ముందు బస్సుకే దిగింది, పిల్లాణ్ణి ఎత్తుకుని. తలుపు కొడితే ఆ నీ దొరసాని తీసింది. దాని ఒంటి మీద మన యాదీరాదే రాత్రిగౌను, బీరువాలోది! ఎవరు కావాలంది. దోన్యా ఒబ్దూలియా ఇల్లు కదా అంది మన పిల్ల. ఇదేం చెప్పిందో తెలుసా? 'ఇది నా ఇల్లు. దోన్యా నాకిచ్చారు.' అంతే వదినా, యాదీరా వెనక్కి తిరిగింది. నేను మెట్లు దిగి వచ్చేలోపు మలుపు తిరిగేసింది."

ఒబ్దూలియా ఇంకేం వినలేదు. చేతిలో కోడితోనే బస్టాండుకి పరిగెత్తింది. కోడి రెక్కలు కొట్టుకుంటోంది, రెట్ట వేసింది, ఆవిడ లంగా మీదే వేసింది. చూసుకోలేదు. హలాపా బస్సు ఇంజను ఆడుతోంది, ఎక్కేసింది. మూడో సీట్లో యాదీరా, శాలువాలో చుట్టిన పసిగుడ్డు. చిక్కిపోయింది. కళ్లకింద నలుపు. తల్లిని చూసి మొహం తిప్పుకుంది.

"యాదీరా," అంది ఒబ్దూలియా, రొప్పుతూ. "దిగమ్మా. అది నీ ఇల్లే కదా."

"ఆ మాట ఊరందరికీ చెప్తావు కదమ్మా," అంది యాదీరా. గొంతులో కోపం కూడా లేదు. "నాకు ఒక్కసారే చెప్పావు, కాదని. అదే నిజం మాట అనుకున్నాను. పోనీలే. నేనే రాకుండా ఉండాల్సింది."

ఇన్నేళ్లు అందరికీ పంచి పంచి ఆ మాటని ఒబ్దూలియా తనే అరగదీసేసింది. ఇప్పుడు కావాల్సినచోట అది పనికిరాలేదు. ఇంకో మాట కోసం వెతుక్కుంది. "అమ్మా, ఎక్కుతారా దిగుతారా?" అని డ్రైవరు హారన్ కొట్టాడు. కూతురి వైపు వంగింది. అప్పుడు తగిలింది ముక్కుకి.

"ఛీ!" అంది. బస్సంతా తలలు తిప్పింది. "ఛీ ఛీ ఛీ! ఏంటే ఈ కంపు? ఎప్పుడు మార్చావు గుడ్డ? చూడు, శాలువా దాటి నీ రవికెదాకా కారింది, పచ్చగా! పసిగుడ్డుని ఇలాగేనా పెంచేది? వీడి పిర్రలు ఒరుసుకుపోవూ? నిన్ను ఇలాగే పెంచానా నేను? మీ నాన్న మిల్లునుంచి వచ్చినప్పుడు కూడా ఇంత కంపు కొట్టలేదే! దిగు. దిగు ముందు, తొట్టి దగ్గర నిలబెట్టి ఇద్దర్నీ కడుగుతాను!"

యాదీరా శాలువా వంక చూసుకుంది, తల్లి వంక చూసింది. ఏడుస్తుందేమో అనుకుంది ఒబ్దూలియా. ఏడుస్తూనే నవ్వింది.

"హమ్మయ్య," అంది. "ఇప్పుడు ఇంటికొచ్చినట్టుంది." అని సంచీ తల్లి చేతికిచ్చి లేచింది.

వీధిలో ముగ్గురూ, కోడితో నలుగురు, ఎనిమిదో నంబరు ముందుకొచ్చారు. సున్నీవా గుమ్మంలోనే ఉంది, అదే గౌనులో. ఒబ్దూలియా ఆగలేదు, ఆగితే మళ్లీ మర్యాద నోట్లోకి వచ్చేస్తుందని భయం.

"ఇది నా ఇల్లు," అంది. ఆ మాట అంటుంటే చెవులు ఎర్రబడ్డాయి, బూతు మాట్లాడినట్టే ఉంది. "నా ఇల్లు. ఆ గది నా కూతురిది. మీరు వెళ్లాలి."

సున్నీవా ఒకసారి యాదీరాని, ఒకసారి పిల్లాణ్ణి చూసింది. మొహం చిన్నబోయింది గానీ కోపం లేదు. లోపలికెళ్లి పది నిమిషాల్లో మూట కట్టుకుని వచ్చింది. గౌను మడతపెట్టి యాదీరా చేతికిచ్చింది. పది నిమిషాలు! ఇంత తేలికా? ఐదు రోజుల కక్కులు, మట్టిపాలైన మిరపకాయలు, నిద్రలేని రాత్రులు ఒబ్దూలియా కళ్లముందు తిరిగాయి.

"బుధవారమే చెప్పి ఉంటే బుధవారమే వెళ్లిపోయేదాన్ని, దోన్యా," అంది సున్నీవా. "మూడు నెలలు తిరిగాను. నన్ను నిజంగా రమ్మన్నది మీరొక్కరే అనుకున్నాను."

మూట భుజాన వేసుకుని మెట్లు దిగింది. ఆ మాట ఒబ్దూలియాకి ఎక్కడో గుచ్చుకుంది. పాపం పిల్ల, ఎవరి కూతురో, ఇంత దూరం. వీధి మొదట్లో సున్నీవా వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. ఒబ్దూలియా చెయ్యి కూడా దానంతటదే లేచింది, గుండె నిండా ఊపిరి తీసుకుంది.

"మళ్లీ రండమ్మా! ఎప్పుడైనా సరే, మీ ఇ..."

యాదీరా చటుక్కున తల్లి నోరు మూసేసింది. ఇప్పటిదాకా పిల్లాడి తడిగుడ్డ పట్టుకున్న చెయ్యి అది, పులిసిన పాలూ, ఇంకేవేవో కంపులూ కలిసి కొడుతున్నాయి. సున్నీవా మలుపు తిరిగేదాకా ఒబ్దూలియా ఆ చెయ్యిని తీసెయ్యలేదు.