వెయ్యని ఓటు

డోర్కాస్ పిల్‌బీమ్ లండన్‌లో ప్రధానమంత్రి ఇంట టీ కాచడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. అయిదుగురు ప్రధానులకు కప్పులందించిన చెయ్యి ఆవిడది. ఎవరు దొంగచాటుగా ఇంకో చెంచా పంచదార వేసుకుంటారో, ఎవరు కోపమొస్తే కప్పు ఠంగుమనిపిస్తారో ఆవిడకి తెలిసినంత ఆ దేశంలో ఇంకెవరికీ తెలియదు. బడి చదువు నాలుగేళ్లే గానీ, మనిషిని చూడగానే తూకం చెప్పేసేది.

ఆరో ఆయన, ఎడ్గర్ వెయిన్‌ఫ్లీట్, ఆవిడ కంటికి ఆనలేదు. లింకన్‌షైర్‌లో రైల్వే సిగ్నళ్లు వేసేవాడి కొడుకు. పద్నాలుగో ఏట స్టేషన్లో పార్సెళ్లు మోశాడు. మూడు ఎన్నికల్లో ఓడి నాలుగోసారి గెలిచి, సభలో వెనక బెంచీ మీద ముప్ఫై ఏళ్లు కూర్చున్నాడు. పార్టీలో పెద్దలిద్దరు కుర్చీ కోసం జుట్టూ జుట్టూ పట్టుకుని, ఎవరూ నెగ్గక, ఎవరికీ అడ్డురాడు కదా అని ఈయన్ని కూర్చోబెట్టారు. నాలుగు నెలలు కూడా ఉండడు అనుకుంది డోర్కాస్.

అరవై ఎనిమిదో రోజునే అవిశ్వాస తీర్మానం వచ్చిపడింది. మధ్యాహ్నం ఆవిడ టీ పట్టుకెళ్లేసరికి, సొంత పార్టీ ఓట్లు కూడగట్టే డెంబీ మొహం కందగడ్డలా చేసుకుని నిలబడి ఉన్నాడు.

"ఒక్క ఓటు సార్! మీరొచ్చి వేస్తే ఓట్లు సమానమై తీర్మానం వీగిపోతుంది, గట్టెక్కుతాం."

"క్లెగ్ రాలేడు కదయ్యా."

హార్వీ క్లెగ్ ఎదుటి పార్టీవాడు. పంతొమ్మిదేళ్లుగా ఇద్దరిదీ జత. ఒకడు సభకు రాలేకపోతే రెండోవాడూ ఓటెయ్యడు. కాగితం లేదు, సంతకం లేదు, నోటిమాటే. ఆ రోజు క్లెగ్ ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు.

"ఆయనకి ఒళ్లే తెలీట్లేదు. మీరు వేశారని ఎవరు చెప్తారు?"

"నేనే చెప్పాలి, లేచాక."

డెంబీ ఆవిడ వైపు తిరిగాడు. "ఏవమ్మా, అయిదుగుర్ని చూశావు. ఒక్కడైనా ఇలా చేసేవాడా?"

"ఒక్కరూ చేసేవారు కాదండి. అందుకే నోరు మూసుకుని చూస్తున్నా. మీరూ కాస్సేపు ఆ పని చెయ్యండి, టీ చల్లారిపోతోంది."

వెయిన్‌ఫ్లీట్ పకపకా నవ్వాడు. ఆయన పళ్లు ఆవిడ చూడడం అదే మొదలు.

ఇంతలో ఫోను మోగింది. డెంబీ ఎత్తాడు, విన్నాడు, పెట్టేశాడు. ఆపుకోలేక మొహం వెలిగిపోయింది.

"పోయాడు సార్! క్లెగ్ పోయాడు. ఇక జత ఎక్కడిది? పదండి, వేసేద్దురు గాని."

ఇప్పుడు వేస్తే తప్పుపట్టేవాళ్లు లేరు. ఆ సంగతి డోర్కాస్‌కీ తెలుసు. చేతిలో కేకు పళ్లెంతో అలాగే నిలబడిపోయింది.

"డెంబీ, నీకు సంతోషంగా ఉందా?" అన్నాడు ఆయన మెల్లగా.

డెంబీ తల దించుకున్నాడు.

"ఇవాళ్టికి మాటిచ్చాను. ఆయన కుర్చీ ఖాళీగా ఉంటుంది, నాదీ ఉంటుంది. నువ్వెళ్లి నీ ఓటు వేసిరా."

సాయంత్రానికి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. ముప్ఫై ఏళ్లు బెంచీ అరగదీసి ఎక్కిన కుర్చీని, చనిపోయినవాడికి ఇచ్చిన మాట కోసం మనిషి వదిలేసుకోవడం డోర్కాస్ ఎక్కడా కనలేదు, వినలేదు.

మర్నాడు ఆయన వెళ్లిపోతుంటే ఆ ఇంటి ఆచారం ప్రకారం పనివాళ్లంతా నడవలో బారులు తీరి చప్పట్లు కొట్టారు. డోర్కాస్ కొట్టలేదు. గౌను రెండు చేతులా పట్టుకుని, రాజకుటుంబానికి తప్ప ఎవరికీ వంచని మోకాళ్లు ఆయన ముందు వంచింది.

"అయ్యో, పిల్‌బీమ్ గారూ! నేనిప్పుడు మామూలు మనిషినండీ."

"ఆ సంగతి మీకంటే నాకే బాగా తెలుసు లెండి," అందావిడ పళ్లు బిగించి. "ముందు కాస్త చెయ్యివ్వండి, మోకాలు పట్టేసింది."