మునిగిన బోటుకు సరంగు

ముందే ఒప్పేసుకుంటాను. జ్ఞానదాసు బోటును ముంచింది నేనే. తుఫాను కాదు, పెద్ద ఓడ గుద్దీ కాదు. ఫ్యాను కింద కూర్చుని, నీలం సిరా పెన్నుతో, ఒక గడిలో టిక్కు పెట్టి ముంచాను.

విశాఖపట్నం హార్బర్లో చిన్న బోట్ల ఆఫీసు ఒకటి ఉండేది. పేరు చెప్పను, పింఛను ఇంకా అక్కడి నుంచే వస్తోంది. నేవీ ఓడలు, సరుకు ఓడలు అందరి కళ్ళకూ కనిపిస్తాయి. వాటికి తాగే నీళ్ళు మోసేదీ, తాళ్ళు అందించేదీ, చెత్త పట్టుకొచ్చేదీ మా బోట్లు. వాటిని ఎవరూ ఫొటో తియ్యరు. పెళ్ళిలో వడ్డించినవాడి ముఖం ఎవరికి గుర్తుంటుంది? అలాంటివి మాకు ఆరు ఉండేవి. పేర్లు లేవు, నంబర్లే. నాలుగో నంబరు నీళ్ళ బోటు. కర్ర బోటు, మధ్యలో ఇనప ట్యాంకు, వెనక ఇంజను. దాన్ని నడిపే సరంగు జ్ఞానదాసు. ఇంజను చూసుకునేవాడు దొరబాబు. దొరబాబుకు ఇంజను గురించి తెలియనిది లేదు, ఈత మాత్రం రాదు. పదేళ్ళు నీళ్ళ మీద బతికి ఈత రాకపోవడమేమిట్రా అంటే, "ఇంజను బాగుంటే ఈతతో పనేటండీ?" అనేవాడు.

జ్ఞానదాసుది వన్ టౌన్. పొడుగ్గా, సన్నగా, ఎండకు మాడి ఉండేవాడు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ బోటు. బోటు ఎక్కేముందు చెప్పులు విప్పేవాడు. ట్యాంకు నిండగానే మొదటి చెంబు నీళ్ళు బోటు ముక్కు మీద పోసేవాడు. ఇదేం ఆచారమయ్యా అని ఒకసారి అడిగాను. "ఊరందరికీ నీల్లు మోత్తాది బాబూ. దీనికి ముందు ఎవులో ఒకలు పొయ్యాల గదా" అన్నాడు.

డెబ్భై రెండులో తుఫాను వచ్చింది. మర్నాడు పొద్దున్న చూస్తే జెట్టీ దగ్గర అయిదు బోట్లే ఉన్నాయి. నాలుగో నంబరు కట్టిన తాడు తెగి వేలాడుతోంది. సాయంత్రం అయిదింటికల్లా ఢిల్లీకి రిపోర్టు వెళ్ళాలి. ఆ ఫారంలో రెండే గడులు: 'భద్రము', 'మునిగినది'. కనబడలేదు అనడానికి గడి లేదు. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి నాలుగు నెలలు. సూపరింటెండెంటు చలమయ్య గారి వంక చూశాను. ఆయన గడియారం వంక చూశారు. నేను టిక్కు పెట్టాను.

రెండు రోజులు జ్ఞానదాసు తిండి మానేసి వెతికాడు. మూడో రోజు మధ్యాహ్నం నాలుగో నంబరు, చుక్కాని దగ్గర జ్ఞానదాసుతో, ఇంజను చప్పుడు చేసుకుంటూ జెట్టీకి వచ్చేసింది. మేఘాద్రి గెడ్డ అనే వాగు నోటి దగ్గర, మడచెట్ల మధ్య బురదలో కూరుకుపోయి ఉందట. ఒక్క పలకైనా విరగలేదు. ఒంటినిండా బురదతో జ్ఞానదాసు ఆఫీసులోకి పరిగెత్తుకొచ్చాడు.

"అయ్యగారూ, దొరికింది! మా పిల్ల దొరికింది!"

చలమయ్య గారికి ముచ్చెమటలు పోశాయి. "ఎవుడు తెమ్మన్నాడు నిన్ను?" అన్నారు.

వెళ్ళిన కాగితం వెనక్కి రాదు. అది చలమయ్య గారి వేదం. మునిగిందన్న బోటు తేలిందంటే, మునిగిందని ఎందుకు రాశారని అడుగుతారు. అడిగితే సంజాయిషీ. సంజాయిషీ అంటే ఆయన ప్రమోషను, నా ఉద్యోగం. పోనీ బోటును వదిలేద్దామా అంటే, పాత జెట్టీ సందుల్లోకి దూరి ఓడకు నీళ్ళు అందించగలిగేది అదొక్కటే. మిగతావి పెద్ద పొట్టలవి, పట్టవు. కాబట్టి నాలుగో నంబరు కాగితం మీద మునిగిపోయి, నీళ్ళ మీద పని చేయడం మొదలుపెట్టింది. వేరే బోటుకు వెయ్యమని ఆర్డరు రాలేదు గనక జ్ఞానదాసు హోదా హాజరు పట్టీలో అలాగే నిలిచిపోయింది: 'నాలుగో నంబరు (మునిగినది) సరంగు'.

ఇక చూడాలి మా సంసారం. లేని బోటుకు నూనె రాదు, అయిదు బోట్ల వాటా నుంచి తలా కాస్త పోసేవారు. రంగు రాదు, మిగిలిన డబ్బాల అడుగులన్నీ గోకి పూసేవారు. అందుకని అది ఒకపక్క బూడిదరంగు, ఒకపక్క ఎరుపు, ముక్కు పసుపు. అది మోసిన నీళ్ళన్నీ మూడో నంబరు పేర రాసేవాళ్ళం. ఒక ఏడాది మూడో నంబరు రెండు నెలలు గట్టెక్కి రిపేరులో ఉంది, అయినా నీళ్ళు మోస్తూనే ఉంది. ఆ ఏడు అన్ని బోట్లకంటే ఎక్కువ నీళ్ళు మోసినందుకు దాని సరంగు అప్పలసూరికి గోడగడియారం బహుమతి ఇచ్చారు. అప్పలసూరి సిగ్గుతో చచ్చిపోయి దాన్ని తిన్నగా పట్టుకెళ్ళి జ్ఞానదాసు ఇంట్లో మేకుకు తగిలించి వచ్చాడు.

ఏటా జనవరిలో పైనుంచి ఒక ఆఫీసరు వచ్చి బోట్లు లెక్కపెట్టేవాడు. ఆ రోజు నాలుగో నంబరు కనిపించకూడదు. తెల్లారగానే జ్ఞానదాసు, దొరబాబు దాన్ని తీసుకుని మేఘాద్రి గెడ్డలోకి పోయి, తుఫానునాడు దొరికిన మడచెట్ల మధ్యే దాక్కునేవారు. జ్ఞానదాసు భార్య కృపావతి అన్నం, చేపల పులుసు కట్టి ఇచ్చేది. మా ఆఫీసులో అదొక పండగలా తయారైంది. ఫలానా పని ఎప్పుడు చేశావంటే, "బోటు మునిగే రోజుకి ముందు రోజండీ" అనేవారు.

నవ్వులాటగా తొమ్మిదేళ్ళు గడిచాయి. అయితే కర్రకు కాగితాలతో పనిలేదు, అది కుళ్ళాల్సినప్పుడు కుళ్ళుతుంది. అడుగు పలకలు మెత్తబడ్డాయి. జ్ఞానదాసు సందుల్లో దూది, గుగ్గిలం కూరి కూరి అలిసిపోయాడు. ఎనభై రెండు జూన్‌లో అతని రిటైర్మెంటు. ఆ జనవరి మొదట్లో, ఉంగరాల్లేని వేళ్ళు నలుపుకుంటూ చలమయ్య గారి ముందు నిలబడ్డాడు.

"అయ్యగారూ, నాను దిగిపోయేలోపు దీనికి పలకలు మార్సాలండి. నానంటే ఈదుకుంటాను. నా తరవాత దొరబాబే. ఆడికి ఈత రాదు."

"మునిగిపోయిన బోటుకి రిపేరు రాయమంటావేటి? ఎవుడైనా వింటే నవ్వుతాడు."

"నిజంగా మునిగిపోతేనోండి?"

చలమయ్య గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఎలాగ మునుగుద్ది? ఒకపాలి మునిగింది మళ్ళీ మునగడానికి రూలు లేదు."

నాకు నవ్వొచ్చింది. జ్ఞానదాసు ముఖం చూసి మానుకున్నాను. ఆ మనిషి తన కోసం ఏమీ అడగలేదు. కుర్చీలో కూర్చున్నవాణ్ణి, ఆ టిక్కు పెట్టినవాణ్ణి, నేను మాత్రం ఫైలులో తల దూర్చాను.

లెక్క రోజు వచ్చింది. ఆఫీసరు విజయవాడ వైపు మనిషి, కొత్తవాడు. జెట్టీ మీద పట్టీ పట్టుకుని ఒకటి, రెండు, మూడు, అయిదు, ఆరు అని టిక్కులు పెట్టాడు. 'నాలుగు, మునిగినది' అన్నచోట గీత గీశాడు. చలమయ్య గారు కొబ్బరిబొండం కొట్టించారు. ఆఫీసరు దాన్ని నోటి దగ్గరికి తెచ్చుకుంటుండగా దూరంగా ఇంజను చప్పుడు వినిపించింది. నాకు ఆ చప్పుడు తెలుసు.

బూడిద, ఎరుపు, పసుపు మూడు రంగులతో నాలుగో నంబరు తిన్నగా మావైపే వస్తోంది. సగం నీళ్ళలో ఉంది. దొరబాబు బాల్చీతో నీళ్ళు తోడిపోస్తూ ఏడుస్తున్నాడు. జ్ఞానదాసు చుక్కాని వదలకుండా అరుస్తున్నాడు.

"అడుగు పలక ఊడిపోనాదండీ! సమించండీ! దాక్కుంటే ఈడు సచ్చిపోతాడండీ!"

తాళ్ళు విసిరి లాగి బోటును మెట్లకు కట్టేశాం. ఆఫీసరు బొండం కింద పెట్టాడు.

"ఇది ఎవరిది?"

"ఇది లేదండి" అన్నారు చలమయ్య గారు.

"కనిపిస్తోంది కదండీ."

"కనిపిస్తోందండి. కానీ లేదు."

అరగంటలో అంతా బయటపడింది. నేనే చెప్పాను, తొమ్మిదేళ్ళ నాటి టిక్కుతో సహా. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆ ఆఫీసరు మాత్రం వింత మనిషి. కోప్పడలేదు. రూల్సు పుస్తకం తెప్పించుకుని రెండు గంటలు చదివాడు. చివరికి తల ఎత్తి, "ఈ బోటుకు రిపేరు చేయాలంటే ముందు పట్టీలోకి ఎక్కాలి. పట్టీలోకి ఎక్కాలంటే కొనాలి, లేదా కట్టించాలి, లేదా నీళ్ళలోంచి పైకి తీయాలి. మనం కొనలేదు, కట్టించలేదు" అన్నాడు.

"తీద్దామండి" అన్నారు చలమయ్య గారు.

"తీయాలంటే మునిగి ఉండాలి. నీటి అడుగున ఉండగా చూసినట్టు ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. నేను అబద్ధం రాయను."

అబద్ధం రాయను అన్నందుకు ఆయన మీద నాకు ఎంత గౌరవం కలిగిందో, ఎంత మండిందో చెప్పలేను.

ఆ గురువారం నాలుగో నంబరును ముంచాం. జెట్టీ పక్కనే, రెండు నిలువుల లోతులో, తాళ్ళు కట్టి, గజఈతగాళ్ళను పెట్టుకుని, టీ తాగుతూ ముంచాం. అడుగు పలక ఊడిన చోట జ్ఞానదాసు కుక్కిన గోనెపట్టాను అతని చేతే తీయించారు. నీళ్ళు లోపలికి వచ్చాయి. బోటు అంచుల దాకా దిగి ఆగిపోయింది. గంట గడిచినా దిగదు. పొద్దున్న లేస్తే మునిగిపోతానని బెదిరించేది, మునగవే తల్లీ అంటే మొండికేసింది.

"ట్యాంకు కాళీగా ఉంది గదా, ఆ గాలి తేలుస్తాది" అన్నాడు దొరబాబు జెట్టీ మీద నుంచి, జ్ఞానదాసుతో. "నిండా నీల్లు పొయ్యాల బావా."

ఉప్పునీళ్ళు తోడి పోయమన్నారు చలమయ్య గారు. జ్ఞానదాసు వినలేదు. ఆ ట్యాంకులో ఏనాడూ ఉప్పునీరు పడలేదన్నాడు. జెట్టీ కుళాయి నుంచి గొట్టం లాగి, తాగే నీళ్ళే పట్టాడు. పట్టేముందు ఒక చెంబు నింపి బోటు ముక్కు మీద పోశాడు. బోటులోనే నడుంలోతు నీళ్ళలో నిలబడి, పసుపు రంగు మీద చెయ్యి వేసి మాట్లాడాడు.

"దిగమ్మా. ఒక్కపాలి దిగు. పలకలు మారుస్తారంట. రేపు నానే తీసుకుంటాను గదా, బయపడకు."

బోటు మెల్లగా, గొణుక్కుంటూ దిగింది. జ్ఞానదాసు ఈదుకుంటూ మెట్లెక్కి వచ్చి, చెప్పులు వేసుకోవడం మరచిపోయి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. ఆఫీసరు, చలమయ్య గారు నీళ్ళలోకి వంగి చూసి సాక్షి సంతకాలు చేశారు.

మర్నాడు క్రేను పెట్టి తీశాం. అయితే కనిపెట్టినవాడి వాంగ్మూలం ఒకటి మిగిలింది. బోటును కనిపెట్టినవాడు జ్ఞానదాసు. తొమ్మిదేళ్ళుగా మునిగిన బోటుకు సరంగుగా హాజరు పట్టీలో ఉన్నవాడూ అతనే. ఇన్నేళ్ళూ ఏం పని చేశాడని అడిగే గడి ఒకటి ఉంది. బోటు నడిపాడని రాస్తే బోటు మునగలేదు, రిపేరు లేదు. ఏ పనీ లేదని రాస్తే అతని సర్వీసు మునిగింది. నా పెన్ను ఆగిపోయింది. తొమ్మిదేళ్ళలో అతను ఏ ఒక్క ఓడనూ దాహంతో ఉంచలేదని నాకు తెలుసు. అది రాసే గడి మళ్ళీ లేదు.

జ్ఞానదాసు ఆ ఖాళీ గడి వంక చూశాడు.

"ఎతికేనని రాయి బాబూ."

"తొమ్మిదేళ్ళా?"

"తొమ్మిదేళ్ళూను. ఆదివారం తప్ప."

అలాగే రాశాను. ఆఫీసరు ఒకటికి రెండుసార్లు చదివి, "ఇందులో అబద్ధం కనిపించడం లేదు" అని ముద్ర వేశాడు. మార్చికల్లా నాలుగో నంబరుకు కొత్త పలకలు పడ్డాయి. ఒంటినిండా ఒకే రంగు వేశారు. ఉన్న బోటు గనక దొరబాబుకు ఒంటికి కట్టుకునే తేలుడు చొక్కా కూడా ఇచ్చారు. దాన్ని వాడు ఇంటికి వెళ్ళేటప్పుడు కూడా విప్పేవాడు కాదు.

జూన్‌లో జ్ఞానదాసుకు వీడ్కోలు సభ. సన్మానపత్రం నన్నే రాయమన్నారు. కాగితాల్లో ఉన్నదే రాయాలి కదా. 'తొమ్మిది సంవత్సరముల పాటు అకుంఠిత దీక్షతో హార్బరు జలాలను గాలించి, మునిగిన బోటును కనుగొన్న...' అని చదువుతుంటే నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా అప్పలసూరి కొట్టాడు. జ్ఞానదాసు దండ సర్దుకుంటూ తల వంచుకుని కూర్చున్నాడు.

సభ అయ్యాక కృపావతి నా దగ్గరకు వచ్చింది. చదువు లేని మనిషి. పత్రం అద్దం మీద వేలు పెట్టి, నెమ్మదిగా అడిగింది.

"బాబూ, మా ఆయన తొమ్మిదేల్లు నీల్లల్లో ఎతికేడని రాసినారు గదా. ఏ బోటు ఎక్కి ఎతికేడని రాసినారు?"

నాకు గాని, చలమయ్య గారికి గాని, రూల్సు మొత్తం చదివిన ఆఫీసరుకు గాని, ఢిల్లీకి గాని తట్టని ప్రశ్న అది.

జ్ఞానదాసు గబుక్కున వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఊరుకోయే కురుపా, గట్టిగా అనకు. మళ్ళీ ముంచమంటారు."