నిన్నటి నిప్పు

యేసుదానం బకెట్టెడు నీళ్లు తెచ్చి ఆ నిప్పు మీద గుమ్మరించాడు.

2005 నవంబరు రెండో తేదీ, సమాధుల పండుగ. కిన్నెరసాని వాగు ఒడ్డున ఉన్న చిన్న శ్మశానంలో ఊరి కతోలికులంతా తమ వాళ్ల సమాధులకు సున్నం కొట్టి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించుకుని నిలబడి ఉన్నారు. ఫాదర్ ఇంకా రాలేదు. ఆయన వచ్చేలోపు అన్నీ సర్దిపెట్టే పని ఉపదేశి యేసుదానానిది. అప్పుడు వచ్చింది ద్వాలి, వాగు అవతలి తండా నుంచి నాలుగు కిలోమీటర్లు నడిచి, చేతిలో తీగ కట్టిన పాలడబ్బాతో. కూతురి సమాధి ముందు కూర్చుని, డబ్బాలోంచి బూడిద కప్పిన పిడక నిప్పును కిందికి వంచింది. నోటితో ఊది, దాని మీద నెయ్యీ బెల్లమన్నమూ వేసి, "మోతీ! ఆరాధనా!" అని పిలిచింది. కొంచెం ఆగి, సిగ్గుపడుతున్నట్టు, "భీమ్లా" అంది.

నీళ్లు పడగానే బూడిద లేచి తెల్లటి సిలువంతా మరకలైంది. వెనకాల ఎవరో నవ్వారు.

"ఏందమ్మా ఇది? ఇది తండా అనుకున్నవా?" అన్నాడు యేసుదానం.

"నిన్న దీపావళి గద సారూ. నిన్న ఆయన్ని పిలిచిన నిప్పే ఇది. ఆరకుండ తెచ్చిన."

"గిట్లాంటివి ఇక్కడ నడవవు."

ద్వాలి తడిసిన బొగ్గుల్ని ఒక్కొక్కటీ ఏరి డబ్బాలో వేసుకుంది. లేచి, సిలువ వైపు చూపించి, "ఆనాడు నా పిల్ల నెత్తి మీద నువ్వే గద సారూ నీళ్లు పోసినవ్. ఆ నీళ్లు మంచియే. ఇవ్వెందుకు పోసినవ్?" అని అడిగింది.

అంతలో ఫాదర్ మోటారు సైకిల్ చప్పుడు వినబడింది. యేసుదానం అటు పరుగెత్తాడు. జవాబు చెప్పకుండా తప్పించుకోవడానికి పెద్దమనుషులకు ఎప్పుడూ ఏదో ఒక పని తగులుతుంది.

ఆ తండాలో దీపావళి అంటే టపాసుల కన్నా ముందు పొయ్యి. నిప్పులు ముందుకు లాగి, నెయ్యీ బెల్లమన్నమూ వేసి, పోయినవాళ్లను పేరు పెట్టి పిలుస్తారు. పిలిచే పని మగవాళ్లది. ద్వాలి ఇంట్లో మగవాళ్లు లేరు. మొగుడు భీమ్లాను తొంభై ఎనిమిదిలో, తునికాకు కోస్తుండగా పాము కరిచింది. వాగు పక్కనే కాల్చారు. అప్పట్నుంచీ ఆమే పిలుస్తోంది, బతికుండగా ఒక్కనాడూ నోటితో అనని పేరును.

కూతురు మోతీ సిస్టర్ల హాస్టల్లో చదివింది. అక్కడి పాటలు దానికి ప్రాణం. తనకు తానే ఆరాధన అని పేరు పెట్టుకుంది. రెండువేల మూడు వానాకాలంలో పన్నెండేళ్ల పిల్లకు మలేరియా మెదడుకెక్కింది. సిస్టర్ల డిస్పెన్సరీలో, తెలివి ఉన్న కాసేపట్లో, "నాకు జ్ఞానస్నానం కావాలె" అని అడిగింది. ద్వాలి సరేనంది. ఫాదర్ ఊళ్లో లేడు. యేసుదానమే స్టీలు గ్లాసుతో నీళ్లు పోశాడు. తెల్లారేసరికి పిల్ల పోయింది. వాగుకు ఇవతల పూడ్చారు.

మొగుడు ఆ ఒడ్డున, కూతురు ఈ ఒడ్డున. ద్వాలికి ఒక్క ప్రశ్న మిగిలింది. వాళ్లిద్దరూ పోయింది ఒక్క చోటికేనా? కాకపోతే తను చచ్చిపోయాక ఎవరి దగ్గరికి పోవాలి?

తండా పెద్ద దేవ్లా నాయక్‌ను అడిగింది. "పిల్ల మన తోవ ఇడిచింది. దాని పేరు మన నిప్పుల పిలవకు" అన్నాడాయన. చర్చిలో అడిగితే, నమ్మినవాళ్లు రక్షణ పొందుతారు, మిగతా సంగతి దేవుడు చూసుకుంటాడు అన్నారు. బడిలో జెండా పండుగ నాడు ఒకాయన మైకు పట్టుకుని, నదులన్నీ సముద్రంలోనే కలుస్తాయి, మతాలన్నీ ఒక్కటే అని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. ద్వాలి ఆయన కారు దాకా వెంటపడి, "నిజంగ ఒక్కటేనా సారూ? మీరు చూసిన్రా?" అని అడిగింది. ఆయన నవ్వి, జేబులోంచి చాక్లెట్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. అంతా ఒక్కటే అనే మాట ఎంత సులువుగా నోటికొస్తుందో! తన వాళ్లు చెరో ఒడ్డున లేనివాడికి ఆ మాటతో పోయేదేముంది?

రెండేళ్లు జ్ఞానస్నానం పాఠాలకు వచ్చింది ద్వాలి. జపాలన్నీ నేర్చుకుంది. నీళ్లు పోయించుకునే రోజున మాత్రం రాలేదు. "నేను ఇటొస్తే ఆయన ఒక్కడే అయితడు" అని కబురు పంపింది. అయినా ఆదివారం తప్పేది కాదు. చర్చి గడప పక్కన కూర్చునేది. అక్కడి నుంచి ఇటు చూస్తే పీఠం, అటు చూస్తే వాగు అవతల భీమ్లాను కాల్చిన చోటు కనిపిస్తాయి.

అందుకే ఆ నిప్పు. తండా నిప్పులో కూతుర్ని పిలవనివ్వరు. సరే, అదే నిప్పును కూతురి దగ్గరికి మోసుకొస్తే? ఒకే నిప్పు మీద ఇద్దర్నీ పిలిస్తే ఇద్దరూ ఒక్క చోటికి రారా? దీపావళీ సమాధుల పండుగా పక్కపక్కన పడిన ఏడు అది. రాత్రంతా పిడకలు మార్చి ఆరకుండా కాపాడింది. దాన్ని యేసుదానం ఒక్క బకెట్టుతో ఆర్పేశాడు.

ఆ ఆదివారం నుంచి గడప పక్కన చోటు ఖాళీ. యేసుదానం వాక్యం చదువుతూ రెండుసార్లు వరుస తప్పాడు.

ఇంట్లో అన్నం వడ్డిస్తూ భార్య సంపూర్ణ కదిపింది. "ఏందయ్యా, ఆ లంబాడామె మీద అంత కోపమొచ్చిందా నీకు?"

"అది కోపం కాదే. పద్ధతి."

"పద్ధతా? మీ నాయనకు ఒక్క కొవ్వొత్తన్న ముట్టిచ్చినవా ఎన్నడన్న? ఆయన పేరెత్తితే నువ్వు లేచిపోతవ్. ఆమె పిలిచింది, నువ్వు పిలవలేకపోయినవ్. గంతే."

యేసుదానం ముద్ద కంచంలోనే వదిలేసి లేచాడు.

"సూడు, లేచినవ్" అంది సంపూర్ణ.

సంక్రాంతి దాటాక ద్వాలిని వెతుక్కుంటూ బూర్గంపాడు దగ్గరి మిరపతోటకు పోయాడు. ఆమె కూలికి కాయ ఏరుతోంది.

"ఆనాడు తప్పు చేసిన ద్వాలమ్మా."

"అవ్, చేసినవ్" అంది, తలెత్తకుండానే. "ఎండల గట్ల నిలబడకు, జెండా కట్టె లెక్క. కూసో."

అతను గట్టు మీద కూర్చున్నాడు. తల్లాడ పక్క తమ ఊరి సంగతి చెప్పాడు. తండ్రి డప్పు కొట్టేవాడు. ముత్యాలమ్మ జాతరలో పది డప్పులున్నా తండ్రి డప్పే వేరుగా వినబడేది. యేసుదానం జ్ఞానస్నానం పొందడానికి ఏడాది ముందే, ఆ డప్పు చంకనుండగానే ఆయన కుప్పకూలి చనిపోయాడు.

"ఇప్పుడు యాడున్నడు?" అని అడిగింది ద్వాలి.

యేసుదానానికి చదివిన పాఠాలన్నీ గుర్తొచ్చాయి. అందులో ఒక్కటీ నోటి దాకా రాలేదు.

"నాకు తెల్వదు."

ఆమె చేతులు ఆగాయి. అప్పుడు మొదటిసారి అతని మొహంలోకి చూసింది. "గిన్నేండ్లకు దొరికిండు, తెల్వదనేటోడు ఒక్కడు" అని నవ్వి, గుప్పెడు కాయలు బుట్టలో వేసింది. తర్వాతి ఆదివారం గడప పక్కన కూర్చుని ఉంది.

ఆ తర్వాత వచ్చిన దీపావళులకు పాలడబ్బాతో ఆమె శ్మశానానికి వస్తే, యేసుదానం గేటు దగ్గర నిలబడి ఎవర్నీ రానిచ్చేవాడు కాదు. లోపలికి మాత్రం తొంగిచూసేవాడు కాదు. తండ్రి పేరు నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయేది.

రెండువేల ఎనిమిది ఎండాకాలం. భద్రాచలం సర్కారు దవాఖానా వరండాలో, గోడవారగా పరిచిన చాప మీద ఉంది ద్వాలి. టీబీ. మనిషి పిడికెడైంది. యేసుదానం రొట్టె, బత్తాయిలు తీసుకుని పోయాడు. చేతిసంచిలో జ్ఞానస్నానపు నీళ్ల సీసా కూడా ఉంది. ఆమె దాన్ని చూడనే చూసింది.

"తెచ్చినవా?"

"నువ్వు అడిగితేనే."

ఆమె మొహం గోడ వైపు తిప్పుకుంది. యేసుదానం ఆమె పక్కన గొంతుక్కూర్చుని, "రెండు తోవలు ఒక్క కాడికేనమ్మా. భయపడకు" అన్నాడు.

"గా మిరపతోట్ల తెల్వదన్నవ్ గద. ఇప్పుడెట్ల తెలిసింది?"

యేసుదానం బత్తాయి ఒకటి తీసి ఒలవబోయాడు.

"ఆ సీసా లోపల పెట్టు సారూ" అంది ద్వాలి. దగ్గు తెర తగ్గేదాకా ఆగి, అతని చెయ్యి పట్టుకుని నెమ్మదిగా చెప్పింది. "నేను ఆయన దిక్కే పోత. పిల్లకు సిస్టర్లున్నరు, పాటలున్నయి. ఆయనకు ఎవ్వరున్నరు? చాయ పెట్టుకోను గూడ రాదు. పిల్ల దిక్కు పోయేటోనివి నువ్వే గద. కనబడితే చెప్పు. వాళ్ల అమ్మా నాయన వాగు అవతల్నే ఉన్నరని, పిలిస్తే ఇనబడేటంత దూరమేనని చెప్పు. మోతీ అంటే పలుకుతదో లేదో, ఆరాధనా అని పిలువు."