తొమ్మిదో పలక

మార్చి నెలలో నంద్యాలలోని ఒక బడివాళ్లు ఫోన్ చేసి, "మేడం, పధ్నాలుగో తేదీ పై దినోత్సవం జేస్తాండాం, మీరు రావాల" అన్నారు. లెక్కల టీచరుగా రిటైరయ్యాను కాబట్టి ఇలాంటివాటికి నన్ను పిలుస్తుంటారు. వృత్తం చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకెకు పండగేమిటో, ఆ పండక్కి ముఖ్య అతిథి ఏమిటో! మా కాలంలో ఆ గుర్తును చూసి భయపడినవాళ్లే తప్ప కేకు కోసినవాళ్లు లేరు. మామూలుగా అయితే ఇంత గొణిగి అయినా సరేననేదాన్ని. ఈసారి మనసు రాలేదు. ఆళ్లగడ్డలో మా అక్కకు మాట పడిపోయింది.

మాఘమాసంలో ఒక పొద్దున కాఫీ గ్లాసు అందుకోబోతే ఆమె చెయ్యి లేవలేదట. నంద్యాల తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చాం. చెయ్యి మెల్లగా స్వాధీనంలోకి వచ్చింది, కాలూ వచ్చింది. మూతి కాస్త వంకరగా ఉండిపోయింది. మాట మాత్రం రాలేదు. ఎవరేం అడిగినా "ఊఁ" అనడమే. డాక్టరమ్మ చిన్న వయసుదే అయినా విషయం దాచకుండా చెప్పింది.

"పాటలో, దేవుని పేర్లో నోటికి రావొచ్చమ్మా. వస్తే సంతోషమే, కానీ అది నోటి అలవాటు. ఎదుటి మనిషికి జవాబుగా ఆమె సొంత మాట ఒక్కటన్నా రావాల. అది వస్తే తక్కినవాటి మీద ఆశ పెట్టుకోవచ్చు."

ఆ ఒక్క మాట కోసమే అందరం కాచుకొని ఉన్నాం. అక్క కోడలు పొద్దున్నే భక్తి పాటలు పెట్టేది. నేను వారం వారం బస్సెక్కి పోయి, పక్కన కూర్చుని పాత సంగతులన్నీ తవ్వేదాన్ని. అక్క పెదవి కదిలేది కాదు. బజార్లో ఎంతటివాడి నోరైనా మూయించిన మనిషి, గోడకానుకొని అలా చూస్తూ కూర్చుంటే నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చేది. ఎవరి మీద కోపమో నాకే తెలియదు.

బడివాళ్ల సంగతి చెబితే కోడలే ఫోన్లో, "పోయిరా చిన్నత్తా, ఊరికే ఇంట్లో కూచోని ఏం జేస్తావ్" అంది. సరే, పోయాను.

గేటు దగ్గరే నా చీరకు గుండ్రటి అట్టబిళ్ల ఒకటి గుచ్చారు, మధ్యలో ఆ గుర్తు. వరండా నిండా పిల్లలు గాజులూ, గిన్నె మూతలూ, సైకిల్ చక్రాలూ ముందేసుకొని దారంతో చుట్టుకొలతలు తీస్తున్నారు. ఒక అమ్మాయి వేదికెక్కి కళ్లు మూసుకొని, దశాంశం తర్వాతి అంకెలు గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. మధ్యలో ఒకటి తప్పు చెప్పినా పట్టుకోగలిగే శక్తి నాకైతే లేదు.

కాలిక్యులేటర్లు లేని రోజుల్లో లెక్కలెలా చేసేవారో చెప్పమన్నారు. మాకు పై అంటే ఇరవై రెండు బై ఏడు, అంతే అన్నాను. అందుకే మా లెక్కల పుస్తకాల్లో ప్రతి బావి వెడల్పూ ఏడు మీటర్లో, పధ్నాలుగు మీటర్లో ఉండేది. ఏ రైతూ ఎనిమిది మీటర్ల బావి తవ్వించిన పాపాన పోలేదు. తవ్విస్తే కొట్టివేతలు కుదరక మేం చచ్చేవాళ్లం. పిల్లలు నవ్వారు. ముందు వరసలో ఒక పిల్ల లేచి, "అయితే ఇరవై రెండు బై ఏడు తప్పా మేడం?" అంది.

"కొంచెం తప్పే. బావికి సరిపోతుంది" అన్నాను.

తర్వాత లాగరిథమ్ పుస్తకాల గురించి చెప్పాను. నేను చదువుకున్న కాలేజీలో ఆ పుస్తకం పై తరగతివాళ్ల నుంచి కింది తరగతివాళ్లకు దిగేది. నాకు వచ్చినదానికి అట్ట లేదు, చివరి పేజీలు నూనె మరకలతో పారదర్శకంగా ఉండేవి. పెద్ద గుణకారం చెయ్యాలంటే రెండు అంకెలు వెతుక్కొని, కూడుకొని, మళ్లీ వెనక్కి వెతుక్కోవాలి. వరస ఒకటి కిందికి జారిందా, సమాధానం సముద్రంలో కలిసినట్టే. పిల్లలకు ఇదేదో అడవిలో బతికినవాళ్ల కథలా ఉన్నట్టుంది, నోళ్లు తెరుచుకొని విన్నారు.

ఆ పిల్లే మళ్లీ లేచింది. "మరి ఎక్కాలు ఎవరు నేర్పించినారు మేడం?"

మా నాయన, అన్నాను. ఆళ్లగడ్డలో మాకు చిల్లర అంగడి ఉండేది. అప్పట్లో అంగడికి షట్టర్లు లేవు. నిలువు చెక్క పలకలు, గాడిలో ఒకదాని పక్కన ఒకటి. మా అంగడికి పది పలకలు. పొద్దున్నే నాయన వాటిని తీస్తుంటే అక్కా నేనూ ముఖాలు కడుక్కొని ఎదురుగా నిలబడాలి. ఒక్కో పలకకు ఎక్కంలో ఒక్కో మెట్టు. ఆయన పలక మీద చెయ్యి వేసి "పదమూడు ఒకట్ల?" అంటాడు. మేం "పదమూడు" అంటే పలక బయటికొస్తుంది. పది పలకలూ లేస్తేనే ఇంట్లోకి వెలుతురు, మాకు కాఫీ.

మిగతా ఎక్కాలన్నీ అక్క గడగడా చెప్పేది. పదమూడో ఎక్కం రోజు మాత్రం తొమ్మిదో పలక దగ్గర పేచీ. "పదమూడు తొమ్మిదుల?" అని నాయన అడగడం ఆలస్యం, అక్క "నూట పదహారు" అనేది. పెళ్లిళ్లకూ పేరంటాలకూ మా ఇంట్లో ఎప్పుడూ వినబడే అంకె అదే. నూట పదహార్లు రాయి, నూట పదహార్లు పెట్టు. ఆమె నాలుక మీద అది కూర్చుండిపోయింది.

"ఏందే, పెండ్లి చదివింపులా?" అని నాయన పలక పట్టుకొని అట్లే నిలబడేవాడు.

"ఒకటే గదా నాయనా తేడా. నూట పదహారు మంచి అంకె" అనేది అక్క. తప్పని తెలిసినాక కూడా మార్చుకోలేదు. అదొక మొండితనం. నాకేమో కాఫీ తొందర. "నూట పదిహేడు!" అని అరిచేదాన్ని. పలక బయటికొచ్చేది. అక్క నా వైపు తిరిగి, "పోవే!" అనేది. తాళిబొట్టు కట్టించుకొనే దాకా ఇదే తంతు. పెళ్లి కూడా మా ఇంట్లోనే ఉంటూ అంగడి చూసుకునే మేనమామతోనే అయింది కాబట్టి ఆమె ఆ ఇంట్లోనే, ఆ అంగట్లోనే ఉండిపోయింది.

ఇదంతా నవ్వుతూ చెబుతున్నదాన్ని, అక్కడికి వచ్చేసరికి ఆగిపోయాను. పాటలు పెట్టాం, దేవుళ్లను పిలిచాం. జీవితమంతా లెక్కలు చెప్పినదాన్ని, అక్క దగ్గర ఒక్క ఎక్కం మొదలుపెట్టి చూడలేదు! ఓరి నా తెలివి తెల్లారా! కేకు తినమంటున్నా వినకుండా నమస్కారం పెట్టి, ఆటో ఎక్కి బస్టాండుకు పోయాను.

ఆళ్లగడ్డలో దిగేసరికి ఎండ మండిపోతోంది. పక్క షెడ్డులో విగ్రహాలు చెక్కే మిషన్ల రొద. అక్క పాత అంగడి గదిలోనే కుర్చీలో ఉంది. పలకలు ఎప్పుడో పోయాయి, ఇప్పుడు షట్టరు. నా చీర మీది అట్టబిళ్లను చూసి "ఊఁ" అంది.

"ఏంది చిన్నత్తా, ఇంత ఎండలో వస్తివే?" అంటూ కోడలు మంచినీళ్లు తెచ్చింది.

నేను తాగలేదు. షట్టరు దగ్గర నిలబడి, దాని మీద చెయ్యి వేసి, నాయన గొంతుతో అడిగాను.

"పదమూడు ఒకట్ల?"

అక్క చూసింది. జవాబు నేనే చెప్పి, చెయ్యి పక్కకు జరిపాను. పదమూడు రెళ్ల ఇరవై ఆరు. అదీ నేనే. పదమూడు మూళ్ల అన్నప్పుడు ఆమె పెదవులు కదిలాయి. పదమూడు నాలుగుల అన్నాను.

"యాభై రెండు" అంది అక్క.

కోడలి చేతిలో చెంబు ఒలికింది. నేను ఆగలేదు, ఆగితే పోతుందని భయం. అరవై ఐదు, డెబ్బై ఎనిమిది, తొంభై ఒకటి, నూట నాలుగు. మాట ముద్దముద్దగా ఉంది, అంకె మాత్రం తడుముకోలేదు. నా చెయ్యి తొమ్మిదో పలక ఉండే చోటికి వచ్చింది.

"పదమూడు తొమ్మిదుల?"

"నూట పదహారు."

కోడలు గబగబా ఫోన్ తీసి లెక్క కట్టి చూసింది. ఆమె మొహం వాడిపోయింది. "చిన్నత్తా, నూట పదిహేడు గదా! తప్పు చెప్తాండాది. తలకాయ ఇంగా బాగుపడలేదేమో."

నాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఆ తప్పు మా అక్కదే, ఇంకెవరిదీ కాదు. కానీ డాక్టరమ్మ మాట గుర్తుంది. ఇదంతా నోటి అలవాటు. ఆమె మాట ఇంకా రాలేదు.

షట్టరు మీద చెయ్యి అలాగే ఉంచి, కాఫీ కోసం తొందరపడే పిల్లలాగా అరిచాను.

"నూట పదిహేడు!"

అక్క మెల్లగా తల తిప్పింది. నన్ను కిందికీ పైకీ చూసింది. వంకరపోయిన ఆ మూతితోనే,

"పోవే!" అంది.