విప్పని మడత

జూన్ రాగానే, ఈ కుప్పంలో, నా కూతురి స్కూలు పావడా అంచు మడతను బ్లేడుతో విప్పుతాను. లోపలి గుడ్డ ఎండ చూడక ముదురు నీలంగా ఉంటుంది. కొత్తగుడ్డ వాసన ఇంకా పోదు. ఆ వాసన తగిలితే చాలు, పుంగనూరులో మాకు బట్టలు కుట్టిన రెడ్డెప్ప మామ కళ్లముందు నిలబడతాడు. పెరిగే పిల్లలకు ఆయన అడక్కుండానే మూడు వేళ్ల మడత వదిలేవాడు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, నాన్న నడిపే టెంపోలో టమోటా పెట్టెల మీదనుంచి పడి, మదనపల్లె ఆసుపత్రిలో ఒక రోజంతా స్పృహ లేకుండా ఉన్నాను. బతికి బట్టకట్టాను కదా అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆడపిల్ల తలకు దెబ్బ తగిలిందంటే రేపు పెళ్లికి అడ్డమని, ఆ సంగతి ఎక్కడా ఎత్తొద్దన్నాడు నాన్న. ఆ తర్వాత ఎప్పుడూ అలసటే. సోమరిపోతునని తిట్లు తిన్నాను. పొట్టిదాన్నని బడిలో ముందు బెంచీ నాకే రాసిచ్చారు.

పన్నెండో ఏట, పాత పావడా వెలిసిపోయిందని కొత్తదానికి కొలతలివ్వడానికి వెళ్లాం. రెడ్డెప్ప మామ పాతది తిరగేసి, అంచు తడిమాడు. "అమ్మా, ఇది నేను మూడేండ్ల కింద కుట్టింది. మడత ఇప్పనే లేదే," అన్నాడు. వాళ్లవ్వ పోలికలే, ఆమె కూడా పొట్టిదేనని అమ్మ కొట్టిపారేసింది.

"పొట్టోళ్లు కూడా పెరుగుతారమ్మా. ఈ బిడ్డ నిలిచిపోయిండాది."

మెడకు టేపు పెడుతూ ఆయన నా చెవి వెనక మచ్చ చూశాడు. ఎప్పుడో గీసుకుందని అమ్మ అంది. ఆయన నాతో మెల్లగా, "డాక్టరుకు ఇది సూపిచ్చు పాపా," అన్నాడు.

మామ మాట మీద అమ్మా నాన్నా నన్ను తీసుకెళ్లిన బెంగళూరు డాక్టరమ్మ మొదటే అడిగింది, చిన్నప్పుడు తలకు దెబ్బేమైనా తగిలిందా అని. లేదన్నారు అమ్మా నాన్నా, ఇద్దరూ ఒక్కసారే. నేను జడ పక్కకు తీసి మచ్చ చూపించాను. పరీక్షలన్నీ అయ్యాక ఆవిడ చెప్పింది. ఆ దెబ్బకు మెదడు కింద ఉండే చిన్న గ్రంథి పాడైందట, ఎదుగుదలకు కావలసిన హార్మోను ఇవ్వడం మానేసిందట. ఎముకలు ముదిరిపోయాక వచ్చి ఉంటే చేసేదేమీ ఉండేది కాదట. నాలుగేళ్లు! నా తలలో ఇంత జరుగుతుంటే ఇంట్లో నన్ను సోమరి అన్నారు.

ఇంజెక్షన్లు మొదలుపెట్టిన మరుసటి జూన్‌లో నా పావడా మడత మామే విప్పాడు. విప్పి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఇప్పుడాయన లేడు. మడత విప్పాక నా కూతురి జడ పక్కకు తీసి చెవుల వెనక తడిమి చూస్తాను. ఏమీ ఉండదు. ఏం వెతుకుతున్నావమ్మా అంటుంది. నేను పడిన సంగతి మొదటినుంచీ చెప్తాను, ప్రతి ఏడూ. నాన్న ఎదురుగా కూర్చుని ఉన్నా సరే, చెప్తాను.