పదికి తొమ్మిది

నాకు బాక్సింగ్ నేర్పింది కుడి చెయ్యి పనిచెయ్యని ఒక పెద్దాయన. గల్ఫ్‌లో, రిఫా అనే ఊళ్ళో నేను పనిచేసే ఇంటి మేడమ్‌కు తండ్రి. ఇంట్లో అందరూ బాబా అంటారు, నేనూ అంతే. వయసులో ఉన్నప్పుడు ఏదో క్లబ్బులో బాక్సింగ్ పోటీలకు మార్కులు వేసేవాడట. పక్షవాతం వచ్చాక కుర్చీకి అతుక్కుపోయాడు. ఆయనకు తినిపించడం, మందులివ్వడం, సాయంత్రం నమాజు అయ్యాక పక్కన కూర్చుని టీవీలో పాత పోటీలు చూడడం నా డ్యూటీ. మొదట్లో ఆ చివరి పనికి నాకు ఒళ్ళు మండేది. ఇద్దరు మగాళ్ళు నిక్కర్లేసుకుని కొట్టుకుంటుంటే అందులో చూడ్డానికేముంది?

మాది గోదావరి జిల్లా. కోడిపందాలు చూసి పెరిగినదాన్ని. బరిలో పడిపోయిన పుంజు ఓడినట్టే, ఇంక మాటల్లేవు. అందుకని మొదటిసారి టీవీలో ఒకడు పడగానే ఆట అయిపోయిందనుకుని, గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి పడ్డవాడు లేచి అవతలివాణ్ణి చితక్కొడుతున్నాడు. నా మొహం చూసి బాబా దగ్గొచ్చేదాకా నవ్వాడు.

ఆ రోజే పాఠం మొదలైంది. వచ్చీరాని హిందీలో, ఎడమచేతి వేళ్ళతో చెప్పాడు. ఒక్కో రౌండు మూడు నిమిషాలు. రౌండు గెలిచినవాడికి పది, ఓడినవాడికి తొమ్మిది. ఒకసారి కింద పడి లేస్తే ఎనిమిది. చివర్లో అన్నీ కలపాలి.

"ఓడినోడికి తొమ్మిదేంటి బాబా! మా ఊరి బళ్ళో పదికి తొమ్మిదొస్తే వీధంతా చెప్పుకుంటారు" అన్నాను. మూడు నిమిషాలూ నిలబడి కొట్లాడినవాడికి సున్నా ఎలా వేస్తామన్నాడాయన.

టీవీలో గంట మోగగానే ఆయన ఎడమచేత్తో చెంచా తీసుకుని టీ గ్లాసు మీద టింగుమని కొట్టి "ఖలాస్" అనేవాడు. అంటే ఆ రౌండు అక్కడితో సరి. దాన్ని బుర్రలోంచి తుడిచేసి తరవాతి రౌండు కొత్తగా చూడాలి. అదే నాకు చేతకాలేదు. మొదట్లో ఎవడైనా ఒక మంచి దెబ్బ కొడితే, ఆ దెబ్బ పేరు చెప్పి చివరిదాకా వాడికే పదులు వేసేదాన్ని. బాబా నా కాగితం చూసి సగం కొట్టేసేవాడు.

నా బుద్ధే అంత. ఒకటి పట్టుకున్నానంటే వదలను.

మా చెల్లి కూడా ఈ దేశంలోనే ఉండేది. గుదైబియాలో ఒక లాండ్రీ పైగదిలో ఉంటూ ఇళ్ళల్లో పనికి వెళ్ళేది. కారులో అరగంట దూరం. మూడేళ్ళుగా మాకు మాటల్లేవు. అమ్మ పోయినప్పుడు నేను ఈ ఇంట్లో చేరి పదిరోజులైంది. కబురు ముందు దానికి వచ్చింది. నాకు చెప్పలేదు. అమ్మను సాగనంపడం అది ఫోన్లో చూసింది. నాకు ఆ కాస్తా దక్కలేదు. మూడోరోజు ఫోన్ చేసి, "కొత్త డ్యూటీ కదక్కా, పంపరు. ఏడ్చి ఏం చేస్తావని చెప్పలేదు" అంది. ఫోన్ పెట్టేశాను. తరవాత అది ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

ఈమధ్య ఒక బుధవారం మా ఊరావిడ ఒకామె వాయిస్ మెసేజ్ పెట్టింది. చెల్లి వీసా క్యాన్సిల్ చేయించుకుందట, శనివారం వెళ్ళిపోతోందట, ఇంక రాదట. మూడుసార్లు విన్నాను. మేడమ్ వచ్చి ఏమైందంటే ఉల్లిపాయల మీదకి నెట్టేశాను.

మిగిలింది ఒక్క శుక్రవారం. ఆ ఇంట్లో శుక్రవారం సెలవు ఇద్దరిలో ఒకరికే, నాకో, డ్రైవరుకో. రెండోవాళ్ళు బాబా దగ్గర ఉండాలి. డ్రైవరు జగిత్యాల నుంచి వచ్చినాయన, నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు. రంజాన్‌లో మా వంతులు కలగాపులగమై, ఈ వారం ఎవరిదో తేలలేదు. మీరే తేల్చుకోండి అంది మేడమ్.

"ఊరికెళ్లి మా బామ్మర్ది వచ్చిండక్కా, గుదైబియాల దిగిండు. అమ్మ సకినాలు పంపింది. నేను పోవాలె" అన్నాడు.

"నాకూ పనుంది" అన్నాను.

"ఏం పని?"

"ఉంది."

మా చెల్లి వెళ్ళిపోతోందన్న ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. నోరు రాలేదు. మా గొడవ విని బాబాకు హుషారొచ్చింది. ఒక పోటీ పెడతాను, పందెం కాయండి, మార్కులు నేనే వేస్తానన్నాడు. ఆరు రౌండ్ల పోటీ, మేమెవరమూ చూడనిది. పచ్చ నిక్కరువాడు నావాడు, ఎర్ర నిక్కరువాడు డ్రైవరు మనిషి.

మొదటి రౌండులోనే నావాడి దెబ్బకు ఎర్ర నిక్కరు దబ్బున పడ్డాడు. నేను లేచి నిలబడిపోయాను. మనసులో అప్పటికే లాండ్రీ పక్కనున్న మెట్లెక్కేస్తున్నాను. టింగ్. పది, ఎనిమిది. తరవాత ఎర్రవాడు పెద్దగా ఏమీ చెయ్యలేదు. దగ్గరికొచ్చి చిన్న చిన్న దెబ్బలు వేసి జరిగేవాడు. నాలుగో రౌండు మావాడిదే. మిగతా రౌండ్లన్నీ ఆ చిన్న దెబ్బలు తినేశాయి. బాబా ఎడమచేత్తో వంకరటింకరగా రాసి కాగితం నా వైపు తిప్పాడు. ఎర్రవాడికి యాభై ఏడు, నావాడికి యాభై ఆరు.

"పడగొట్టాడు కదా బాబా, దానికి విలువ లేదా?"

ఆయన మొదటి వరస మీద వేలు పెట్టాడు. దానికివ్వాల్సింది అక్కడ ఇచ్చేశాను, ఎన్నిసార్లిమ్మంటావని అడిగాడు.

నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. డ్రైవరు వెనకే వచ్చాడు. "ఏందక్కా, ఒక్క శుక్రారానికి గింత మొఖం వెట్టినవ్?" అన్నాడు. అప్పుడు ఏడుపొచ్చి మొత్తం చెప్పేశాను. ఆయన తల పట్టుకున్నాడు. "గీ ముచ్చట ముందుగాల చెప్పద్దా! సకినాలు యాడికి పోతయ్? నువ్వే పో."

"ఓడిపోయాను తమ్ముడూ. పందెం పందెమే" అన్నాను. పెద్ద మాటే గానీ, అందులో నిజం తక్కువ. ఓడినందుకు లోపల ఎక్కడో హాయిగా ఉంది. చెల్లి ఎదుట నిలబడే పని తప్పింది. అందుకు నా మీద నాకే అసహ్యం వేసింది కూడా.

శుక్రవారం సాయంత్రం గేటు ముందు కారు ఆగింది. వెనక సీట్లోంచి చెల్లి దిగింది, చేతిలో సకినాల పొట్లం. చిక్కిపోయింది. పాపిట దగ్గర తెల్లవెంట్రుకలు. "దారిల దొరికిందక్కా, తెచ్చిన" అని డ్రైవరు బాబా దగ్గరికి వెళ్ళిపోయాడు.

వంటింట్లో కూర్చోబెట్టి టీ పెట్టాను. "అక్కా, ఆ రోజు నేను..." అని అది మొదలుపెట్టింది. పోనీలే అందామనే అనుకున్నాను. నోట్లోంచి వచ్చింది వేరు.

"నువ్వు చూశావు. నేను చూడలేదు. కన్నతల్లి మొహం కడసారి చూడకుండా చేశావు నన్ను!"

"ఒక్కదాన్నే చూశానక్కా!" అని అరిచింది అదీ. "ఆ గదిలో ఒక్కదాన్నే, చిన్న ఫోన్లో. పక్కన ఎవరున్నారు నాకు? నీకీ బాధ వద్దనుకున్నాను. తప్పే."

అది ఒక్కతే చూసిందన్న సంగతి మూడేళ్ళలో ఒక్కసారీ నాకు తట్టలేదు. అయినా నోరు మళ్ళీ తెరిచాను.

హాల్లోంచి టింగుమని వినిపించింది. వెనకే బాబా గొంతు, "ఖలాస్!" తెలుగు ముక్క రాని మనిషి.

చెల్లి కళ్ళు తుడుచుకుంటూ "ఏంటక్కా అది?" అంది.

"గంట. ఈ రౌండు అయిపోయింది."

"ఎవరు గెలిచారు?"

"నువ్వే. నాకు తొమ్మిదొచ్చాయి."

దానికేమీ అర్థం కాలేదు. నేను స్టూలు దగ్గరికి జరుపుకుని దాని చెయ్యి పట్టుకున్నాను.

"అమ్మకి ఏ చీర కట్టారే?" అని అడిగాను.

అది చెప్పడం మొదలుపెట్టింది.